యాత్రికుడి వివరాలు ఎవరి దగ్గర, ఎంతకాలం?

తిరుమల దర్శనానికి బయల్దేరే కుటుంబం ఇల్లు కదలకముందే తన వివరాలు ఇవ్వడం మొదలుపెడుతుంది. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ కోసం నెలల ముందే ఆన్‌లైన్‌లో ఒక్కొక్కరి పేరు, వయసు, ఆధార్ నంబరు నమోదు చేయాలి. రైలుకో బస్సుకో మళ్లీ పేర్లు, ఫోన్ నంబర్లు. తిరుపతిలో దిగాక లాడ్జి కౌంటర్ దగ్గర ఆధార్ జిరాక్సు, కొన్నిచోట్ల కార్డును ఫోన్‌తో తీసుకున్న ఫోటో. ముందుగా టికెట్ దొరకనివాళ్లకు శ్రీనివాసంలోనో విష్ణునివాసంలోనో ఇచ్చే సర్వదర్శనం టోకెన్‌కు ఆధార్. కొండమీద గదికి ఆధార్, దానితోపాటు ముఖం ఫోటో. దర్శనం టికెట్ లేకుండా లడ్డూలు తీసుకోవాలన్నా 2024 ఆగస్టు నెలాఖరు నుంచి ఆధార్ చూపాల్సిందే. ఏటా సుమారు రెండున్నర కోట్ల మంది దర్శనం చేసుకునే క్షేత్రం ఇది. ప్రసాదం సంచితో ఇంటికి చేరిన కుటుంబానికి తమ వివరాలు ఎన్నిచోట్ల మిగిలిపోయాయో లెక్క ఉండదు. వాటిని ఎప్పుడు చెరిపేస్తారో అసలే తెలియదు. అడిగితే కౌంటర్లో కూర్చున్నవాళ్లూ చెప్పలేరు.

వ్యక్తిగత సమాచార రక్షణ అనగానే మనకు హ్యాకర్లు, పాస్‌వర్డ్‌లు, కంప్యూటర్ తాళాలు గుర్తొస్తాయి. సంస్థలు కూడా తమ గోప్యతా ప్రకటనల్లో ఆ తాళాల గురించే ఎక్కువగా చెబుతాయి. తాళం అవసరమే, కానీ అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆ వివరం అసలెందుకు తీసుకున్నారు, పని అయిపోయాక ఇంకా ఎందుకు ఉంచుకున్నారు అన్నది. తీసుకోని వివరం దొంగల చేతికి పోదు. చెరిపేసిన వివరం అమ్ముడుపోదు. గత పదేళ్లలో తెలుగు రాష్ట్రాల్లో జరిగిన సంఘటనలు చూస్తే ఈ మాటకు రుజువులు కావలసినన్ని కనిపిస్తాయి. కొత్త డేటా రక్షణ చట్టం చెప్పే మూలసూత్రం కూడా ఇదే.

2017 మే 1న సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధనా సంస్థ ఒక నివేదిక వెలువరించింది. ప్రభుత్వాలవే అయిన నాలుగు వెబ్ పోర్టళ్ల ద్వారా సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూడగలిగేలా బయటపడి ఉన్నాయని అందులో తేల్చింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ కూలీల రోజువారీ చెల్లింపుల పోర్టల్, రెండోది చంద్రన్న బీమా పథకం పోర్టల్. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం సహా బహిరంగంగా కనిపిస్తున్న విషయాన్ని పరిశోధకుడు కొడాలి శ్రీనివాస్ బయటపెట్టారు. ఈ రెండు సందర్భాల్లోనూ ఎవరూ ఏ తాళమూ పగలగొట్టలేదు. పథకం డబ్బు ఎవరికి అందిందో చూపించడానికి పేరు, ఊరు, మొత్తం సరిపోయేవి. ఆధార్ నంబరుతో, ఖాతా నంబరుతో ఆ పనికి సంబంధం లేదు. అయినా చేతిలో ఉన్నవన్నీ పట్టికలో పెట్టేశారు.

వేలిముద్రల సంగతి ఇంకా తీవ్రమైనది. 2022లో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్ నుంచి ఆస్తి దస్తావేజులు దించుకోవడం, వాటిమీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేయడం, దస్తావేజులోనే ఉన్న ఆధార్ నంబరు వాడి, వేలిముద్రతో డబ్బు తీసుకునే బ్యాంకు సదుపాయం ద్వారా ఖాతాలు ఖాళీ చేయడం, ఇదీ వాళ్ల పద్ధతి. పొలం కొన్నందుకు వేసిన ముద్ర బ్యాంకు ఖాతాకు తాళంచెవి అయింది. ఒక పనికి ఇచ్చిన వివరం ఇంకో పనికి వాడుకునే వీలు మిగిలిపోతే జరిగేది ఇదే. ఆ తర్వాతి ఏడాది, 2023 ఏప్రిల్‌లో, అదే సైబరాబాద్ పోలీసులు సుమారు 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు అమ్మకానికి పెట్టిన మనిషిని అరెస్టు చేశారు. అంత పెద్ద సంఖ్య ఒక్క రాత్రిలో ఒక్కచోట దొంగిలిస్తే వచ్చేది కాదు. ఎందరో ఎన్నో ఏళ్లుగా పోగేసి వదిలేసిన జాబితాలు చేతులు మారుతూ ఒకచోటికి చేరితేనే అంత అవుతుంది.

ప్రాణాలు పోయిన సందర్భమూ ఉంది. 2020 డిసెంబరులో తెలంగాణలో ఆన్‌లైన్ లోన్ యాప్‌ల వేధింపులకు వరుసగా కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ యాప్‌లు అప్పు ఇచ్చే ముందే ఫోన్‌లోని కాంటాక్టులు, ఫోటోలు తీసేసుకునేవి. వాయిదా ఆలస్యమైతే బంధువులకు, పనిచేసేచోట పైఅధికారులకు పరువు తీసే సందేశాలు పంపేవి. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న ఇచ్చిన డిజిటల్ రుణాల మార్గదర్శకాలు దీన్ని సరైన చోట పట్టుకున్నాయి. కాంటాక్టులను భద్రంగా దాచండి అని చెప్పి ఊరుకోలేదు. కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫోన్‌లోని ఫైళ్లు అసలు ముట్టుకోవద్దని ఆదేశించాయి. అప్పు తీర్చగలడో లేడో తేల్చడానికి మేనమామ ఫోన్ నంబరు అక్కర్లేదు కదా. తర్వాత కూడా దొంగ యాప్‌లు పుట్టుకొస్తూనే ఉన్నాయి, నిజమే. కానీ ఇప్పుడు కాంటాక్టులు అడిగిన యాప్ అడగడంతోనే తన గుట్టు తానే బయటపెట్టుకుంటుంది. సామాన్యుడికి అంతకంటే సులువైన గుర్తు లేదు.

ఈ సూత్రాన్నే అన్ని రంగాలకూ వర్తింపజేసేది డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. దానికి తగ్గ చట్టం రావడానికి ఆరేళ్లు పట్టింది. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం, 2025 నవంబరులో నియమాలు. సంస్థల మీద అసలు బాధ్యతలు నియమాలు వచ్చిన పద్దెనిమిది నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో విడిగా, తేలికగా అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఆ నోటీసును తెలుగులో చదువుకునే వీలు కల్పించాలి. చెప్పిన పనికి ఎంత అవసరమో అంతకే అంగీకారం చెల్లుతుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఫోన్‌లో వైద్య సలహా ఇచ్చే యాప్ కాంటాక్టుల జాబితా కూడా అడిగిందనుకుందాం, వాడేవాళ్లు రెండింటికీ సరేనన్నారనుకుందాం. అయినా వైద్య సలహాకు అవసరమైన వివరాలకే ఆ సరే వర్తిస్తుంది. పని తీరిపోయాక వివరాలు చెరిపేయాలి. రక్షణ ఏర్పాట్లలో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా, లీకైన సంగతి డేటా రక్షణ బోర్డుకూ బాధితులకూ చెప్పకపోతే 200 కోట్ల దాకా జరిమానా.

ఇక తిరుపతి లాడ్జిలకు వద్దాం. బస చేసేవాళ్లు ఎవరో రిజిస్టరులో ఉండాలి, పోలీసులు అడిగితే చూపాలి. యాత్రికులతో నిండే ఊళ్లో ఇది కాదనలేని అవసరం. అయితే ఎవరో తెలుసుకోవడం వేరు, కార్డు నకలు దాచుకోవడం వేరు. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం, లైసెన్సు లేని హోటళ్లు, సినిమా హాళ్లు ఆధార్ నకళ్లు తీసుకోవడానికి వీల్లేదని ప్రకటించింది. జనం అపార్థం చేసుకుంటారంటూ రెండు రోజుల్లోనే ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. ప్రకటన పోయింది కానీ చట్టం పోలేదు. 2019లో ఆధార్ చట్టానికి చేర్చిన 8ఎ సెక్షన్ ప్రకారం, ఆన్‌లైన్ అనుసంధానం లేకుండా కార్డు పరిశీలించే సంస్థ ఆధార్ నంబరును సేకరించకూడదు, దాచకూడదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొత్త డేటా చట్టం డిజిటల్ రూపంలో ఉన్నవాటికీ, తర్వాత డిజిటల్ రూపంలోకి మార్చినవాటికీ మాత్రమే వర్తిస్తుంది. ఫైల్లో గుచ్చిన జిరాక్సు కాగితం దాని పరిధిలోకి రాదు. అదే కార్డును కౌంటర్ కుర్రాడు ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో మేనేజరుకు పంపిన క్షణాన ఆ లాడ్జి యజమాని ఈ చట్టానికి జవాబుదారీ అవుతాడు. ఊళ్లో చాలామంది యజమానులకు ఈ సంగతి తెలుసుననుకోను. ఆ ఫోటో కుర్రాడు ఉద్యోగం మానేసినా అతని ఫోన్లోనే ఉంటుంది.

చిన్న లాడ్జిలు, ట్రావెల్స్ ఆఫీసులు, నెట్ సెంటర్లు ఇంత భారం మోయలేవని ఒక అభ్యంతరం. న్యాయవాదులను, కంప్యూటర్ నిపుణులను పెట్టుకునే స్తోమత పది గదుల లాడ్జికి ఎక్కడుంటుంది? ఈ అభ్యంతరం తాళాల లెక్కలో చూస్తేనే నిలుస్తుంది. ఎక్కువ దాచుకున్నవాడికే ఎక్కువ భారం. అతిథి పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఏ కార్డు చూపాడు అన్నది రాసుకుని కార్డు తిరిగి ఇచ్చేసే లాడ్జికి కాపాడుకోవలసింది ఆ రిజిస్టరు ఒక్కటే. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఎప్పటినుంచో ఉంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కార్డు అసలుదో కాదో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. జిరాక్సుతో ఆ నిర్ధారణ కూడా కుదరదు, ఎందుకంటే దొంగ కార్డుకూ జిరాక్సు వస్తుంది. ఖర్చు తక్కువయ్యే దారి, చట్టానికి సరిపడే దారి ఇక్కడ ఒకటే.

దేవస్థానం విషయం ఇంత సులువు కాదు, అక్కడి వాదనలు బరువైనవి. తిరుమల తిరుపతి దేవస్థానాలు కంపెనీ కాదు, 1987 నాటి దేవాదాయ చట్టం కింద నడిచే సంస్థ. కానీ వివరాలు సేకరించే తీరులో పెద్ద కంపెనీలకు తీసిపోదు. 2023 మార్చి 1న వైకుంఠం-2 కాంప్లెక్సులో, గదుల కేటాయింపులో ముఖ గుర్తింపు సాంకేతికతను ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. గది తీసుకున్నవాళ్లే కాషన్ డిపాజిట్ వెనక్కి తీసుకోవాలి, ఒకే మనిషి మళ్లీమళ్లీ టోకెన్లు పట్టుకుపోకూడదు అన్నది ఉద్దేశం. దళారుల వల్ల సామాన్య భక్తుడు ఎంత నష్టపోయాడో తిరుపతిలో ఎవరిని అడిగినా చెబుతారు. గదులు, సేవా టికెట్లు పదిమంది పేర్లతో పట్టేసి పదింతలకు అమ్ముకునే వ్యాపారానికి ఆధార్, ముఖం ఫోటో అడ్డుకట్ట వేశాయంటే కాదనలేం. అదీగాక 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్ మీద మందుపాతరలు పేలిన ఊరిది. భద్రత కోసం అడుగుతున్నాం అంటే తేలికగా తీసిపారేసే మాట కాదు.

అయినా ఈ రెండు వాదనలూ సేకరణను సమర్థిస్తాయే తప్ప శాశ్వతంగా దాచుకోవడాన్ని సమర్థించవు. గది ఖాళీ చేసి డిపాజిట్ చేతికందిన గంటతో ఆ ముఖం ఫోటో పని పూర్తయింది. ఒకే మనిషి నిర్ణీత గడువులోపు రెండోసారి బుక్ చేయకుండా చూడాలంటే ఆ గడువు దాకా గుర్తు అవసరమే. దానికి ఆధార్ నంబరును అలాగే పట్టికల్లో ఉంచనక్కర్లేదు. నంబర్లను విడిగా, సంకేత రూపంలో కట్టుదిట్టంగా ఉంచి, మిగతా పనులన్నీ మారు సంఖ్యలతో నడపాలని ఆధార్ సంస్థ 2017 జులైలోనే ఆదేశించింది. కాబట్టి దారి తెలియక ఆగవలసిన పని లేదు. ముఖానికి ఇంకో ప్రత్యేకత ఉంది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, బ్యాంకు కార్డు పోతే కొత్తది ఇస్తారు. ముఖం కొలతలు ఒకసారి బయటికిపోతే ఆ మనిషి బతికినంత కాలం పోయినట్టే.

రద్దీ నియంత్రణ మరో వాదన. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అటువంటి ఘోరం మళ్లీ జరగకుండా ఉండాలంటే ఎక్కడ ఎంతమంది ఉన్నారో క్షణక్షణం తెలియాలి. అదే సంవత్సరం సెప్టెంబరులో బ్రహ్మోత్సవాల సమయంలో కృత్రిమ మేధతో పనిచేసే కమాండ్ కంట్రోల్ కేంద్రాన్ని తిరుమలలో ప్రారంభించారు. దానివల్ల ఒక్క ప్రాణం నిలిచినా పెట్టిన ఖర్చు సార్థకమే. కానీ తలలు లెక్కపెట్టడానికీ ముఖాలు గుర్తుపట్టడానికీ మధ్య ఉన్న తేడాను ఇక్కడ చెరిపేయకూడదు. క్యూలో నాలుగు వేల మంది ఉన్నారా, తొమ్మిది వేల మంది ఉన్నారా, తోపులాట మొదలవుతోందా అన్నది తెలియడానికి వాళ్ల పేర్లు తెలియనక్కర్లేదు. తప్పిపోయిన పిల్లవాణ్ని వెతకడానికి గుర్తింపు కావాలి, ఆ పిల్లవాడి ఫోటో తల్లిదండ్రులే ఇస్తారు. ఆ పేరుతో రోజూ దాదాపు డెబ్బై వేల మంది ముఖాలు నమోదు చేసి ఉంచుకోవడం ప్రయోజనానికి మించిన సేకరణ.

దేవస్థానానికి చేరే సమాచారంలో మనం పెద్దగా మాట్లాడుకోనివి ఇంకా ఉన్నాయి. దివ్యాంగులు, దీర్ఘరోగులు ప్రత్యేక దర్శనం కోసం వైద్య ధ్రువపత్రాలు చూపుతారు. ఏడాదిలోపు పసిబిడ్డల దర్శనానికి జనన ధ్రువపత్రం కావాలి. అన్యమతస్థులు విశ్వాస ప్రకటన మీద సంతకం చేయాలి. రోగం, బిడ్డ, మతం, ఒక మనిషి గురించి ఇంతకంటే సున్నితమైన వివరాలు ఏముంటాయి? కొత్త చట్టం సున్నితమైన సమాచారం అంటూ ఒక తరగతిని విడదీయలేదు, అది దానిలోని లోపం. కానీ పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అంగీకారం నిర్ధారించుకోవాలని చెప్పింది. డయాలిసిస్ రోగి పత్రం చూసి లోపలికి పంపడానికి ఆ పత్రం నకలు ఏళ్ల తరబడి సర్వర్లో ఉండనక్కర్లేదు.

“దేవుడి దగ్గరికి పోతున్నాం, దాచుకోవడానికి మాకేముంది?” అనేవాళ్లు చాలామంది. నిజాయితీగా అనే మాటే. కానీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర వేసిన రైతుకూ దాచుకోవలసిందేమీ లేదు, అయినా ఖాతా ఖాళీ అయింది. దర్శనం తేదీ తెలిసినవాడికి ఆ రోజు ఇంటికి తాళం వేసి ఉంటుందని కూడా తెలుస్తుంది. కుటుంబ సభ్యుల పేర్లు, వయసులు, ఫోన్ నంబరు తెలిసిన మోసగాడు “మీ గది బుకింగ్ రద్దయింది, డబ్బు వెనక్కి పంపాలి, ఓటీపీ చెప్పండి” అంటే నమ్మనివాళ్లు ఎందరు? గోప్యత తప్పు చేసినవాడికి కావలసిన ముసుగని అనుకోవడం వల్లే మనం అడగడం మానేశాం.

ఈ చట్టాన్ని నేను సర్వరోగ నివారిణి అనుకోవడం లేదు. జరిమానా సొమ్ము మొత్తం కేంద్ర ఖజానాకే పోతుంది. వివరాలు పోగొట్టుకున్న మనిషికి రూపాయి రాదు. పాత ఐటీ చట్టంలో పరిహారానికి దారి చూపిన 43ఎ సెక్షన్‌ను కూడా ఈ చట్టం తొలగిస్తోంది. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) నిబంధనను మార్చి, ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారం ఇవ్వవచ్చన్న మాటను అందులోంచి తీసేసింది. పథకాల జాబితాలు సామాజిక తనిఖీ చేసేవాళ్ల ఆందోళన అందుకే. ప్రభుత్వం తనకు నచ్చిన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకోవచ్చు. నియమాల్లో ఇంకో చిక్కు ఉంది. ప్రభుత్వానికి అవసరం రావచ్చంటూ వివరాలను, వాడిన జాడలను కనీసం ఏడాది ఉంచాలన్నారు. పని కాగానే చెరపాలన్న మూలసూత్రానికి ఇది అడ్డం. ఇన్ని లోపాలున్నా, అవసరానికి మించి తీసుకోకూడదన్న నిబంధన మాత్రం గట్టిగానే ఉంది. పౌరులకు సేవలు అందించేందుకు ప్రభుత్వ సంస్థలు అంగీకారం లేకుండా వివరాలు వాడుకున్నా, అవసరమైనంతే తీసుకోవాలి, అవసరమైనంత కాలమే ఉంచాలి అని నియమాల రెండో షెడ్యూలు చెబుతోంది. దేవస్థానాన్ని ప్రభుత్వ సంస్థగా లెక్కించినా, లెక్కించకపోయినా ఈ బాధ్యత తప్పదు.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు కూడా చట్టం తేటగా జవాబిచ్చింది. దేవస్థానం వెబ్ సేవల్లో టీసీఎస్ పాత్ర ఉంది, 2023 జనవరిలో వచ్చిన మొబైల్ యాప్‌ను జియో ప్లాట్‌ఫామ్స్ రూపొందించింది. వివరాలు ఏ కంపెనీ సర్వర్ల మీద నడిచినా, ఒప్పందంలో ఏం రాసుకున్నా, భక్తుడికి జవాబు చెప్పవలసింది వివరాలు ఎందుకు కావాలో నిర్ణయించిన సంస్థే. శ్రీసిటీలో వేలిముద్రతో హాజరు తీసుకునే ఫ్యాక్టరీకైనా, చిత్తూరులో రోగుల రికార్డులు బయటి కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకునే ఆసుపత్రికైనా ఇదే వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లది, మాకు తెలియదు అనే జవాబుకు 2027 మే తర్వాత చోటు లేదు.

అప్పటిదాకా ఆగవలసిన పని కూడా లేదు. దేవస్థానం ఏ వివరం ఎందుకు తీసుకుంటోందో, ముఖం ఫోటోను, ఆధార్ నంబరును, వైద్య పత్రాన్ని ఎన్ని రోజులకు చెరిపేస్తుందో ఒక పేజీలో తెలుగు, తమిళం, కన్నడం, హిందీ భాషల్లో ప్రకటించి, శ్రీనివాసం కౌంటర్ల దగ్గర, గదుల కేటాయింపు కేంద్రం దగ్గర బోర్డు పెట్టవచ్చు. దానికి కొత్త చట్టమూ, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు, పాలకమండలి తీర్మానం చాలు. జిల్లా యంత్రాంగం లాడ్జి యజమానులను పిలిచి జిరాక్సు బదులు క్యూఆర్ పరిశీలన నేర్పవచ్చు. పాఠకులారా, మీవైపు నుంచి చేయగలిగింది ఒకటుంది. ఈసారి తిరుపతి వెళ్లేటప్పుడు మాస్క్‌డ్ ఆధార్ దించుకుని వెళ్లండి. లాడ్జిలో కార్డు చూపండి, నకలు ఎందుకని అడగండి. ఫోన్‌తో ఫోటో తీయబోతే వద్దనండి. ఆ మాట అనే హక్కు మీకు చట్టం ఇచ్చింది.